బెంచీ మీంచి లిస్బన్ దాకా

ఈ వారం ఒక వీడియో గురించి చెప్తా. మీరూ చూసే ఉంటారు. ఏడాదికి నాలుగైదుసార్లు రీల్స్‌లో తిరిగి తిరిగి మన ముందుకే వస్తుంది.

2001 అక్టోబర్ 6. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం. ఇంగ్లండ్, గ్రీస్ మ్యాచ్. ఇంగ్లండ్ 1-2తో వెనకబడి ఉంది. తొంభై నిమిషాలూ అయిపోయి ఇంజ్యూరీ టైమ్ నడుస్తోంది. డేవిడ్ బెక్‌హమ్ ఫ్రీకిక్ కొడతాడు. బంతి గ్రీస్ ప్లేయర్ల గోడని దాటుకుని, వంపు తిరిగి, నెట్టు పైమూలలోకి వెళ్ళి పడుతుంది. 2-2. స్టేడియం మొత్తం పిచ్చెక్కిపోతుంది. ఆ ఒక్క గోల్‌తో ఇంగ్లండ్ నేరుగా 2002 వరల్డ్ కప్‌కి వెళ్ళిపోయింది.

సరే, ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ వీడియోలో గోల్ పోస్టుల మధ్య ఒకాయన ఉంటాడు, గమనించారా? బంతి వస్తుంటే డైవ్ కూడా చెయ్యడు. నిలబడి చూస్తాడు, అంతే. బస్సు వెళ్ళిపోయాక స్టాపులో మిగిలిపోయినవాడిలా. ఆయన పేరేంటి?

రెండేళ్ళ కిందటి దాకా నాకూ తెలీదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు. నేను ఆ వీడియో చూసింది బెక్‌హమ్ కోసం. అసలు అప్పట్లో నేనున్న పరిస్థితిలో ఏది చూస్తున్నానో, ఎందుకు చూస్తున్నానో నాకే తెలిసేది కాదు. ఎందుకంటే అప్పుడు నేను బెంచ్ మీద ఉన్నా.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: కంపెనీలో ఉద్యోగం ఉంటుంది, జీతం పడుతుంది, ఐడీ కార్డు మెళ్ళో ఉంటుంది. పని మాత్రం ఉండదు. ఏ ప్రాజెక్టులోకీ తీసుకోరు. పొద్దున్నే వెళ్ళి, ఎవరైనా పిలుస్తారేమోనని ఎదురుచూస్తూ కూర్చోవాలి. మొదటి నెల హాలిడేలా ఉంటుంది. రెండో నెల భయం మొదలవుతుంది. నాలుగో నెలకి, లంచ్‌కి తోటివాళ్ళతో కూర్చోడానికి కూడా మొహం చెల్లదు. ఇంటి నుంచి నాన్న ఫోన్ చేసి "పని ఎట్లుందిరా?" అంటే "ఫుల్ బిజీ నాన్నా" అని చెప్పేవాణ్ణి. ఐదు నెలలు చెప్పా.

అలాంటి ఒక రాత్రి, పీజీ రూములో పడుకుని ఫోన్ తోస్తుంటే మళ్ళీ అదే ఫ్రీకిక్ వచ్చింది. ఎందుకో ఆసారి బెక్‌హమ్‌ని వదిలేసి ఆ నిలబడ్డాయన పేరు వెతికా. ఆంటోనిస్ నికోపొలిడిస్. ఇంకొంచెం కిందికి వెళ్ళి చదివితే తెలిసింది, ఈయన కూడా బెంచ్ మీద కూర్చున్నవాడే. నాకంటే చాలా ఎక్కువ కాలం. అదీ ఒక్కసారి కాదు.

నికోపొలిడిస్ 1971 జనవరిలో పుట్టాడు. ఊరు ఆర్తా, గ్రీస్‌కి వాయవ్యంలో ఉన్న చిన్న పట్టణం. అక్కడి లోకల్ క్లబ్బులో మొదలుపెట్టి, 1989లో, పద్దెనిమిదేళ్ళకి, ఏథెన్స్‌లోని పనాథినైకోస్ క్లబ్బులో చేరాడు. గ్రీస్‌లో అదొక మహా క్లబ్బు. మన దగ్గర చిన్న టౌన్ నుంచి వచ్చిన కుర్రాడికి ఏకంగా పెద్ద బ్యానర్‌లో సినిమా దొరికినట్టు.

సినిమా అయితే దొరికింది గానీ వేషం దొరకలేదు. మరుసటేడు, 1990లో, పోలండ్ నుంచి జోసెఫ్ వాండ్జిక్ అనే గోల్‌కీపర్ అదే క్లబ్బుకి వచ్చాడు. మంచి కీపర్. ఇక తొంభైల్లో చాలా ఏళ్ళు పోస్టుల మధ్య వాండ్జిక్, బయట కుర్చీలో నికోపొలిడిస్.

ఇక్కడ గోల్‌కీపర్ ఉద్యోగం గురించి ఒక మాట. మిగతా ప్లేయర్లకి బెంచ్ అంటే ఇంకో అరగంటలో అవకాశం వస్తుందన్న ఆశ ఉంటుంది. ఎవరో అలసిపోతారు, కోచ్ ప్లాన్ మారుస్తాడు, ఎడమ పక్క కాకపోతే కుడి పక్కన ఆడిస్తారు. కీపర్‌కి అదేం లేదు. టీములో కీపర్ చోటు ఒక్కటే. అందులో ఉన్నవాడికి గాయమైతేనో, రెడ్ కార్డు పడితేనో, వరసగా తప్పులు చేస్తేనో తప్ప రెండోవాడికి పిలుపు రాదు. అంటే తన ఫ్రెండుకి చెడు జరిగితేనే తనకి మంచి జరుగుతుంది. అలాగని చెడు జరగాలని కోరుకోలేడు, రోజూ ప్రాక్టీసులో ఒకరికొకరు బంతులు కొట్టుకునేది వాళ్ళిద్దరే మరి.

1996లో పనాథినైకోస్ చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌కి చేరింది. అప్పటి చాంపియన్ ఆజాక్స్‌ని ఆమ్‌స్టర్‌డామ్‌లోనే 1-0తో ఓడించింది. తర్వాత ఏథెన్స్‌లో 0-3తో ఓడిపోయింది, అది వేరే సంగతి. ఆ పరుగంతా వాండ్జిక్‌దే. నికోపొలిడిస్‌కి అప్పుడు పాతికేళ్ళు. క్లబ్బుకొచ్చి అప్పటికి ఏడేళ్ళు.

ఏడేళ్ళు! నేను ఐదు నెలలకే రెజ్యూమె ఇరవై చోట్లకి పంపించా.

నెమ్మదిగా చోటు దక్కింది. గ్రీస్ జట్టుకి మొదటిసారి ఆడింది 1999లో, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో. క్రికెట్‌లో ఇరవై ఎనిమిదికి డెబ్యూ అంటే మన కామెంట్ సెక్షన్‌లో ఏం రాస్తారో మీకు తెలుసు. తల కూడా అప్పటికే నెరవడం మొదలైంది. తర్వాత్తర్వాత ఆ వెండి జుట్టు చూసి ఫ్యాన్స్ 'జార్జ్ క్లూనీ' అని పేరు పెట్టారు.

అలా పాతుకుపోతున్న టైమ్‌లోనే వచ్చింది ఓల్డ్ ట్రాఫర్డ్. ఆ మ్యాచ్ పూర్తిగా చూస్తే వేరే కథ కనిపిస్తుంది. బెక్‌హమ్ ఆ రోజు కొట్టింది ఒక్క ఫ్రీకిక్ కాదు, చాలా కొట్టాడు. చివరిది తప్ప ఒక్కటీ నేరుగా గోల్‌లోకి వెళ్ళలేదు. కానీ రీల్‌లో ఉండేది ఆ చివరిదొక్కటే. తొంభై నిమిషాల పని ఎవరూ కట్ చేసి పోస్ట్ చెయ్యరు. తొంభై మూడో నిమిషం మాత్రం జీవితాంతం తిరుగుతుంది.

గ్రీస్‌కి కోచ్‌గా అప్పుడే ఒక జర్మన్ పెద్దాయన వచ్చి ఉన్నాడు. ఒట్టో రెహాగెల్. ఆయనకి గ్రీక్ రాదు. పక్కన అనువాదానికి ఒక అసిస్టెంట్. మొదటి మ్యాచ్‌లోనే ఫిన్లాండ్ చేతిలో 1-5తో చితికిపోయారు. అంతకుముందు పెద్ద టోర్నీల్లో గ్రీస్ చరిత్ర కూడా అలాగే ఉండేది. 1980 యూరో కప్‌లో ఒక డ్రా, రెండు ఓటములు. 1994 వరల్డ్ కప్‌లో మూడు మ్యాచ్‌లు ఓడి, పది గోల్స్ ఇచ్చి, ఒక్కటీ కొట్టకుండా ఇంటికొచ్చారు. మొత్తమ్మీద ఒక్క గెలుపు కూడా లేదు.

2004 యూరో క్వాలిఫైయింగ్ కూడా అదే దారిలో మొదలైంది. స్పెయిన్ మీద 0-2. ఉక్రెయిన్ మీద 0-2. ఇక అయిపోయిందనుకున్నారు. అక్కడి నుంచి వరసగా ఆరు మ్యాచ్‌లు గెలిచారు. ఆ ఆరింటిలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. స్పెయిన్‌ని స్పెయిన్‌లోనే 1-0తో కొట్టారు. గ్రూపులో ఫస్ట్ వచ్చి, స్పెయిన్‌ని రెండో స్థానంలోకి నెట్టారు.

అంటే 2003 చివరికి మన హీరో దేశానికి నంబర్ వన్ కీపర్, జట్టు యూరో కప్‌కి వెళ్తోంది. ఇక్కడ ఇంటర్వెల్ బ్యాంగ్.

క్లబ్బుతో కాంట్రాక్టు ఆ వేసవితో అయిపోతుంది. కొత్త కాంట్రాక్టు దగ్గర పనాథినైకోస్‌కీ ఆయనకీ పొత్తు కుదరలేదు. యూరప్‌లో 1995 నాటి బోస్మన్ కోర్టు తీర్పు తర్వాత రూల్ ఏంటంటే, కాంట్రాక్టు పూర్తయిన ఆటగాడు ఏ క్లబ్బుకైనా ఉచితంగా వెళ్ళిపోవచ్చు, పాత క్లబ్బుకి రూపాయి రాదు. అలా వెళ్ళిపోయేలా ఉన్నవాణ్ణి క్లబ్బులు ఎలా చూస్తాయి? మన దగ్గర నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాణ్ణి ఎలా చూస్తారో అలాగే. సీజన్ రెండో సగంలో నికోపొలిడిస్‌ని పక్కన కూర్చోబెట్టారు. ఆయన చోట్లో కాన్‌స్టాంటినోస్ హాల్కియాస్ అనే మరో కీపర్ ఆడాడు. ఆ ఏడు పనాథినైకోస్ లీగూ, కప్పూ రెండూ గెలిచింది.

ఒక్క నిమిషం ఆయన వైపు నుంచి ఆలోచించండి. పదిహేనేళ్ళు పనిచేసిన చోటు. వయసు ముప్పై మూడు. జీవితంలో అతిపెద్ద టోర్నీ నాలుగైదు నెలల్లో ఉంది. మ్యాచ్ ప్రాక్టీసు లేదు. పైగా ఆయన లేకుండానే టీము అన్నీ గెలిచేస్తోంది. "నువ్వు లేకపోయినా నడుస్తుంది" అని ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు, స్కోరు బోర్డే చెప్తోంది. బెంచ్ మీద ఉన్నప్పుడు నన్ను తినేసింది సరిగ్గా ఇదే. పని లేకపోవడం కన్నా, నేను లేకుండా పని సాఫీగా జరిగిపోవడం.

యూరో కప్‌కి జట్టు ప్రకటించారు. అందులో ఇద్దరూ ఉన్నారు, నికోపొలిడిస్, హాల్కియాస్. ఒకరు ఆర్నెల్లుగా సరిగ్గా ఆడనివాడు. ఇంకొకరు ఇప్పుడే డబుల్ గెలిచిన క్లబ్బుకి కీపర్. మీరైతే ఎవర్ని ఆడిస్తారు?

రెహాగెల్ నికోపొలిడిస్‌ని ఆడించాడు. క్లబ్బులో ఫస్ట్ కీపర్ దేశానికి బెంచ్ మీద. క్లబ్బులో బెంచ్ మీదున్నాయన దేశానికి పోస్టుల మధ్య.

2004 జూన్ 12, పోర్టో నగరం. తొలి మ్యాచే ఆతిథ్య దేశం పోర్చుగల్‌తో. గ్రీస్ 2-1తో గెలిచింది. పెద్ద టోర్నీల్లో వాళ్ళ తొలి గెలుపు అదే. చివర్లో గోల్ కొట్టిన పోర్చుగల్ కుర్రాడికి పంతొమ్మిదేళ్ళు, పేరు క్రిస్టియానో రొనాల్డో. తర్వాత స్పెయిన్‌తో 1-1. రష్యాతో 1-2 ఓటమి, ఆ మ్యాచ్‌లో మొదలైన 67 సెకన్లకే నికోపొలిడిస్ గోల్ ఇచ్చాడు. అప్పటికి యూరో చరిత్రలో అదే అత్యంత వేగవంతమైన గోల్. 2024లో అల్బేనియా ఆటగాడు 23 సెకన్లలో కొట్టేదాకా ఆ రికార్డు ఉండిపోయింది. చూశారా, గోల్‌కీపర్ పేరు రికార్డుల్లోకి ఎలా ఎక్కుతుందో!

అయినా స్పెయిన్ కన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన లెక్కన గ్రీస్ క్వార్టర్స్‌కి చేరింది. అక్కణ్ణుంచి మాత్రం గోల్ తలుపు మూసేశారు.

క్వార్టర్స్‌లో డిఫెండింగ్ చాంపియన్ ఫ్రాన్స్. జిదాన్, థియరీ ఆన్రీ ఉన్న ఫ్రాన్స్. 1-0. సెమీస్‌లో టోర్నీ మొత్తం అదరగొట్టిన చెక్ రిపబ్లిక్. రొసిట్స్కీ మొదట్లోనే కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి బతికిపోయారు. ఎక్స్‌ట్రా టైమ్ మొదటి సగం ఆఖర్లో కార్నర్ నుంచి డెల్లాస్ తలతో కొట్టాడు. అప్పట్లో 'సిల్వర్ గోల్' రూల్ ఉండేది. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఒక సగం ముగిసేసరికి ఎవరు ముందుంటే వాళ్ళదే మ్యాచ్. 1-0.

జూలై 4, లిస్బన్. ఫైనల్. మళ్ళీ పోర్చుగల్. ఫిగో, డెకో, రొనాల్డో, వాళ్ళ సొంత ప్రేక్షకులు. 57వ నిమిషంలో కార్నర్ నుంచి హరిస్తెయాస్ హెడర్. ఆ తర్వాత అరగంటకి పైగా పోర్చుగల్ వచ్చి మీద పడుతూనే ఉంది. గోల్ పోస్టుల మధ్య వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఆ చట్రం ముందు ఒక నెరిసిన తల. 1-0. యూరప్ చాంపియన్ గ్రీస్.

నాకౌట్‌లో మూడు మ్యాచ్‌లు. ఇంజ్యూరీ టైమ్ కలపకుండానే 285 నిమిషాలు. ఇచ్చిన గోల్స్ సున్నా. టోర్నీ ఆల్‌స్టార్ జట్టుకి ఇద్దరు కీపర్లని ఎంపిక చేస్తే ఒకరు పీటర్ చెక్, రెండోవాడు ఆర్నెల్లు బెంచ్ మీద కూర్చొచ్చిన నికోపొలిడిస్.

పొగడ్త ఎక్కువైపోకుండా ఒకటి చెప్పాలి. ఆ ఘనత ఆయనొక్కడిదే కాదు. ముందు డెల్లాస్, కాప్సిస్, సీటారిడిస్, ఫిస్సాస్ ప్రత్యర్థుల చొక్కా పట్టుకున్నట్టు వెంటాడారు. ఆ ఆట బోర్ అని తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ మ్యాచ్‌లు పాతవి వెతికి చూశాక నాకర్థమైందేంటంటే, నికోపొలిడిస్ ఎగిరి గెంతి ఫొటోలకి పోజులిచ్చే రకం కాదు. బంతి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే నిలబడి ఉంటాడు. అందుకే చాలా సేవ్‌లు సేవ్‌ల్లాగే కనిపించవు. రీల్‌కి పనికిరావు.

ఆ వేసవిలోనే ఆయన ఒలింపియాకోస్‌లో చేరాడు. గ్రీస్‌లో ఎవరికైనా చెప్పి చూడండి, కళ్ళు పెద్దవి చేస్తారు. పనాథినైకోస్ ఏథెన్స్ ఆకుపచ్చ. ఒలింపియాకోస్ పక్కనున్న పిరేయస్ రేవు ఎరుపు. వాళ్ళ డెర్బీకి 'చిరకాల శత్రువుల పోరు' అని పేరు. పదిహేనేళ్ళు ఆకుపచ్చ చొక్కావాళ్ళతో ఉన్నాయన ఎరుపు వైపు వెళ్తే పాత అభిమానులకి ద్రోహంలా కనిపించింది. వాళ్ళ బాధ వాళ్ళది, అబద్ధం కాదు. ఆయన బాధ ఆయనది, అదీ అబద్ధం కాదు.

ఒలింపియాకోస్‌తో ఏడు సీజన్లు, ఆరు లీగ్ టైటిళ్ళు. 2007లో జర్మనీ వెళ్ళి బ్రెమెన్‌ని 3-1తో ఓడించారు, చాంపియన్స్ లీగ్‌లో సొంతగడ్డ బయట ఆ క్లబ్బుకి అదే తొలి గెలుపు. 2009 గ్రీక్ కప్ ఫైనల్ అయితే సినిమా తీయొచ్చు. ఏఈకే ఏథెన్స్‌తో 4-4. పెనాల్టీలు మొదలైతే ఆగవు. మొత్తం 34 కిక్‌లు! కీపర్ల వంతు కూడా వచ్చింది, ముప్పై ఎనిమిదేళ్ళ నికోపొలిడిస్ కూడా వచ్చి కిక్ కొట్టాల్సొచ్చింది. చివరికి 15-14. ఏఈకే కొట్టిన ఆఖరి కిక్‌ని ఆపింది ఆయనే.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. కానీ మధ్యలో ఒకటి దాటేశా. 2008 యూరో కప్.

డిఫెండింగ్ చాంపియన్లుగా వెళ్ళారు. మొదట స్వీడన్ మీద 0-2. రెండోది రష్యాతో, సాల్జ్‌బర్గ్‌లో. 33వ నిమిషంలో బంతి గోల్‌కి బాగా పక్కగా బయటికి పోతోంది. వదిలేస్తే పోయేదే. నికోపొలిడిస్ పోస్టులు వదిలేసి దానికోసం పరిగెత్తాడు. రష్యా కెప్టెన్ సెమాక్ ముందే అందుకుని వెనక్కి, తల మీదుగా తన్నాడు. ఖాళీ గోల్ ముందు జిర్యానోవ్ నిలబడి ఉన్నాడు. 0-1. గ్రీస్ టోర్నీ నుంచి ఔట్.

ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కదల్లేదని తప్పు. సాల్జ్‌బర్గ్‌లో కదిలాడని తప్పు. గోల్‌కీపర్ ఉద్యోగం ఇంతే.

మరి తర్వాతి మ్యాచ్‌కి ఏం చేశాడు? అది స్పెయిన్‌తో. గెలిచినా ఉపయోగం లేదు. నాలుగు రోజుల కిందట దేశమంతా చూస్తుండగా చేసిన తప్పు ఇంకా పచ్చిగానే ఉంది. అయినా గ్లవ్స్ వేసుకుని వచ్చి పోస్టుల మధ్య నిలబడ్డాడు. గ్రీస్‌కి అది ఆయన 90వ మ్యాచ్, ఆఖరిది కూడా. 1-2తో ఓడిపోయారు. నాకు ఆయన కెరీర్‌లో లిస్బన్ రాత్రి కన్నా ఈ మ్యాచే ఎక్కువ గుర్తుంటుంది.

2011లో, నలభై ఏళ్ళకి ఆట వదిలేశాడు. ఆ తర్వాత కోచ్ అయ్యాడు. ఏథెన్స్‌లో యుద్ధాల నుంచి పారిపోయి వచ్చిన శరణార్థి కుర్రాళ్ళ టీముకి కూడా కోచింగ్ ఇచ్చాడు. కాగితాలు ఎప్పుడొస్తాయో, ఏ దేశం పిలుస్తుందో తెలీక ఎదురుచూసే కుర్రాళ్ళు వాళ్ళు. ఎదురుచూడ్డం గురించి వాళ్ళకి చెప్పడానికి ఇంతకన్నా అనుభవం ఉన్నవాడు దొరకడేమో.

నా సంగతి? ఆరో నెల్లో ప్రాజెక్టు వచ్చింది. లిస్బన్ లాంటిదేం కాదు, పాత కోడ్‌కి రిపేర్లు. కానీ అంతకు ముందే, ఇదంతా చదివిన ఆ వారంలోనే, నాన్నకి ఫోన్ చేసి నిజం చెప్పేశా. ఐదు నెలల నుంచి పని లేదు నాన్నా, ఖాళీగా కూర్చుంటున్నా అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "రోజూ ఆఫీసుకి పోతున్నవా లేదా?"

"పోతున్నా."

"మరింకేంది. తిన్నవా?"

ఈసారి ఆ బెక్‌హమ్ రీల్ మీ ఫోన్‌లో వచ్చినప్పుడు గోల్ పోస్టుల మధ్య ఉన్నాయన్ని ఒకసారి చూడండి. ఇంకా మూడేళ్ళు కూడా తిరక్కుండానే యూరప్ చాంపియన్ కాబోతున్నాడు. ఆ సంగతి ఆయనకి ఇంకా తెలీదు.

వచ్చే వారం కలుద్దాం.